కేస్ షీట్ ఎవరిది?

ఒళ్లు రోగిది, రాత డాక్టరుది. ఆరోగ్య డేటా ఎవరికి చెందుతుందన్న తగవుకు మూలం ఇక్కడే ఉంది. రోగి గుట్టు బయటపెట్టనని హిప్పోక్రటీస్ ప్రమాణంలో వైద్యుడు మాట ఇస్తాడు. ఆ రోగికైనా చెప్పి తీరాలన్న షరతు అందులో లేదు.

నిజానికి రోగికంటూ ఒక ఫైలు ఉండాలన్న ఆలోచనే కొత్తది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఒకప్పుడు ఏ డాక్టరు చిట్టా పుస్తకం ఆ డాక్టరుదే. ఒకే మనిషి జబ్బుల వివరాలు నాలుగు పుస్తకాల్లో చెదిరి ఉండేవి. 1907లో హెన్రీ ప్లమ్మర్ అనే వైద్యుడు మనిషికో నంబరు, నంబరుకో ఫైలు అనే పద్ధతి పెట్టాడు. వైద్యానికి అది గొప్ప మేలు. కాకపోతే ఫైలు ఆస్పత్రి బీరువాలో, ఫైలులోని మనిషి బయట.

ఆ బీరువా తెరవమని 1973లో బడ్ షెంకిన్, డేవిడ్ వార్నర్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వాదించారు. రికార్డు నకలు రోగికి అడగకుండానే ఇవ్వాలన్నది వారి ప్రతిపాదన. రోగికి అర్థం కాదు, అనవసరంగా బెంబేలెత్తుతాడు అన్నది ఎదుటివారి జవాబు. ఈ జవాబు ఇప్పటికీ అరగలేదు.

కెనడాలో ఒక మహిళ తన ఫైలు మొత్తం కావాలని అడిగితే, డాక్టరు తాను రాసినవి మాత్రమే ఇచ్చి, అంతకుముందు చూసిన వైద్యులు పంపిన కాగితాలు ఇవ్వనన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1992లో కోర్టు ముడి విప్పింది: కాగితం డాక్టరుదే, అందులోని సమాచారం చూసే హక్కు మాత్రం రోగిది. చూపిస్తే హాని జరుగుతుందనుకుంటే, ఆ సంగతి రుజువు చేయాల్సిన భారం డాక్టరు మీదే. ఆ తర్వాత అమెరికా 30 రోజుల గడువుతో, ఐరోపా నెల గడువుతో ఇలాంటి హక్కునే చట్టాల్లో రాసుకున్నాయి. చట్టంలో ఉన్నంత మాత్రాన కౌంటర్ దగ్గర పని జరుగుతుందని కాదనుకోండి.

‘బెంబేలెత్తుతారు’ అన్న మాటకు అసలు పరీక్ష 2010లో మొదలైంది. ఓపెన్‌నోట్స్ పేరిట అమెరికాలో మూడు చోట్ల 105 మంది డాక్టర్లు తాము రాసుకునే నోట్సును ఆన్‌లైన్‌లో రోగులకు తెరిచి పెట్టారు. ఏడాది తర్వాత అడిగితే, జవాబిచ్చిన రోగుల్లో 99 శాతం ఇది ఆపొద్దన్నారు. మానేస్తానన్న డాక్టరు ఒక్కరూ లేరు. మందులు వేసుకునేవారిలో సగానికి పైగా ఇప్పుడు ఇంకాస్త క్రమంగా వేసుకుంటున్నామన్నారు. అయితే జవాబిచ్చిన రోగుల్లోనే 26 నుంచి 36 శాతం మందికి గోప్యత మీద దిగులు. నా దృష్టిలో ఈ రెండు జవాబులకూ వైరం లేదు. తన దగ్గరికి రావాలి, ఇంకెక్కడికీ పోకూడదు. మనిషి తన ఆరోగ్య సమాచారానికి కట్టే విలువ అదే.

కంపెనీలు కట్టే విలువ వేరు. వాటికి ఒక్కరి ఫైలు దేనికీ కొరగాదు, లక్షల ఫైళ్లు కావాలి. 1998లో ఐస్‌లాండ్ తన జనాభా మొత్తం వైద్య రికార్డులను ఒక్కచోట చేర్చడానికి చట్టం చేసింది. డీకోడ్ అనే జన్యు పరిశోధన కంపెనీకి లైసెన్సు దక్కింది. వద్దని చెప్పనివాళ్లంతా ఒప్పుకున్నట్టే లెక్క. చనిపోయిన తన తండ్రి రికార్డులు అందులో చేర్చొద్దని ఒక యువతి కోర్టుకెక్కింది. ఆయన జబ్బుల్లో తన గురించిన కబురు ఉందన్నది ఆమె వాదన. 2003లో సుప్రీంకోర్టు ఆమె వైపే నిలిచింది. ఆ డేటాబేస్ ఎన్నడూ తయారు కాలేదు.

ఆ వాదన 2025లో మళ్లీ గుర్తొచ్చింది. ఉమ్మి నమూనాతో జన్యు పరీక్ష చేసే 23అండ్‌మీ మార్చిలో దివాలా దరఖాస్తు పెట్టుకుంది. అప్పటికి దాని కస్టమర్లు సుమారు కోటిన్నర మంది. వ్యాపారం చివరికి 30.5 కోట్ల డాలర్లకు చేతులు మారింది. తలకు 20 డాలర్లు పడినట్టు. పరీక్షకు చాలామంది అంతకు నాలుగైదు రెట్లు కట్టారు. ఈలోగా దాదాపు 19 లక్షల మంది తమ డేటా తుడిచేయమని అడిగారు. వాళ్ల అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉమ్మి పంపి, తుడిచేయమని అడగకుండా ఉంటే, ఇంటి వారసత్వంలో సగం కబురు కొత్త యజమాని దగ్గరే ఉంది.