హైదరాబాదు పెరిగిందంటే, ఎక్కడ పెరిగినట్టు?

విజయనగరం

పిల్లలూ,

మన వైపు నుంచి హైదరాబాదుకు వలసపోయినవాళ్లు వీధికి నలుగురైనా ఉంటారు. అందుకే "అక్కడ జనం పెరిగిపోతున్నార్రా" అనే మాట మీకు కొత్త కాదు. కానీ ఏ హైదరాబాదులో?

2001 జనాభా లెక్కల్లో హైదరాబాదు జిల్లా జనం 38,29,753. 2011లో 39,43,323. పెరిగింది 1,13,570. దీన్ని పాత అంకెతో భాగించి నూటితో గుణించండి, 2.97 శాతం వస్తుంది. కొత్త అంకెతో భాగించేస్తారు చాలామంది, అది తప్పు. అదే పదేళ్లలో మన శ్రీకాకుళం జిల్లా ఆరున్నర శాతం పెరిగింది. అంటే నగరం మనకన్నా నెమ్మది! చుట్టూ ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా మాత్రం 35,75,064 నుంచి 52,96,741కి ఎగబాకింది, 48 శాతం. కూకట్‌పల్లి, ఎల్బీనగర్, శేరిలింగంపల్లి అప్పుడు ఆ జిల్లాలోవే.

బేగంబజారు లాంటి పాత బజారులో ఒక మేడ ఊహించుకోండి. కింద దుకాణం, మధ్యలో సరుకు గోడౌను, కాపురానికి మిగిలింది పై వాటా ఒక్కటే. దుకాణానికి వచ్చే అద్దె కాపురానికి రాదు మరి. పెళ్లయిన కొడుకు శివారులో ఫ్లాటు చూసుకుంటాడు. పగలంతా అతను బజారులోనే ఉన్నా, జనగణనలో రాసేది మామూలుగా నివాసముండే చోటు. అలాగని పాత నగరం పలచబడిపోయిందనుకోకండి. ఆ జిల్లాలో 2011లో చదరపు కిలోమీటరుకు 18 వేల మంది ఉన్నారు. ఇంక చోటేదీ?

అసలు బోల్తా కొట్టేది హద్దుల దగ్గర. విశాఖ కార్పొరేషన్ జనం 2001లో 10 లక్షల లోపు, 2011లో 17 లక్షల పైన. అదంతా పుట్టుకలూ వలసలూ కాదు. 2005లో గాజువాకనూ చుట్టుపక్కల ఊళ్లనూ కలిపి గ్రేటర్ విశాఖ చేశారు. గాజువాక జనం 2001లోనూ ఉన్నారు, పట్టికలో వేరే వరసలో. ఆ ఊళ్ల 2001 అంకెలు పాత విశాఖకు కూడి, అప్పుడు పోల్చాలి.

ఈ చిక్కు రేపు మనకూ ఉంది. 2022 ఏప్రిల్‌లో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. 2027 లెక్క వచ్చాక దాన్ని శ్రీకాకుళం పాత అంకె 27,03,114 పక్కన పెడితే జిల్లా ఖాళీ అయిపోయినట్టు కనిపిస్తుంది. అందుకని 2011 మండలాల పట్టిక తీసి, వెళ్లిపోయిన మండలాలను ఇప్పుడే తీసివేసి, మిగిలినది కూడి నోటుబుక్కులో రాసి ఉంచుకోండి.

మీ తాతయ్య