పేరు ఒకటే టాంగో, డాన్సులు రెండు

బాల్‌రూమ్ అనే జంట డాన్సు పోటీలకు టాంగో నేర్చిన జంట అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో మిలోంగా అనే డాన్సు కూడికకు వెళ్తే నాలుగడుగులకే తడబడుతుంది. వాళ్లు నేర్చింది తప్పు కాదు, వేరు.

టాంగో అనే మాట ఆ డాన్సు కన్నా పాతది. స్పానిష్ వలసల్లో బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు గుమిగూడి డోళ్లు కొట్టి ఆడే చోటును, ఆ ఆటను కూడా టాంగో అనేవారు. స్పెయిన్ రాయల్ అకాడమీ నిఘంటువు 1899లోనూ ‘అమెరికాలో నల్లవాళ్ల, సామాన్యుల పండగ, నాట్యం’ అనే అర్థమే ఇచ్చింది. ‘తాకు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చిందనే వివరణ అందంగా ఉంటుంది గానీ, ఆ మనుషుల్ని కథలోంచి తప్పిస్తుంది. అందుకే దాన్ని మేం ఒప్పుకోం.

డాన్సు 19వ శతాబ్దం చివర్లో బ్యూనస్ ఐరిస్, ఉరుగ్వే రాజధాని మాంటెవిడియో పేటల్లో పుట్టింది. నల్లవాళ్ల కాందోంబే, క్యూబా హబనేరా, యూరప్ వలసకూలీల పోల్కా అనే నాట్యాలు అందులో కలిశాయి. జర్మనీ నుంచి వచ్చిన బాండోనియన్ అనే తిత్తి వాద్యానికి 71 మీటలు. తిత్తి సాగదీస్తే ఒక స్వరం, మూస్తే ఇంకొకటి. ఆ ఊపిరే పాటను నెమ్మదింపజేసింది.

1913 నాటికి పారిస్ దీని మోజులో పడింది. యూనిఫాంలో టాంగో ఆడొద్దని జర్మన్ చక్రవర్తి తన అధికారులను ఆదేశించాడు. ఇంగ్లండ్ డాన్సు మాస్టర్లు మాత్రం 1920లలో దాన్ని కొలతల్లో బిగించారు. దారి చీలింది అక్కడే. బాల్‌రూమ్‌లో నడుముల దగ్గర ఆనిక ఉంటుంది, తలలు ఎడంగా ఉంటాయి, అడుగులకు నిర్ణీత వరస ఉంటుంది. అర్జెంటీనా టాంగోలో ఛాతీలు దగ్గరవుతాయి, వరస ముందే ఉండదు.

కొత్తవాళ్లకు నేర్పే ఎనిమిదడుగుల పాఠం అర్జెంటీనా వైపుదే అయినా, అదీ ఇబ్బంది పెడుతుంది. ఐదో అడుగులో జంటలోని ఆమె ఎడమ పాదం కుడి పాదం ముందుకు అడ్డంగా రావాలి. మూడు, నాలుగు అడుగుల్లో ఆమెను నడిపించే అతను ఆమె పక్కగా నడుస్తూ ఛాతీని ఆమె వైపే ఉంచి, ఐదులో తిన్నగా తిప్పాలి. తిప్పకుండా చేత్తో తోస్తే ఆ అడ్డడుగు పడదు. ఇక అతని మొదటి అడుగు వెనక్కి వేసేది. మిలోంగాలో జంటలన్నీ అపసవ్యదిశలో వలయంగా కదులుతాయి, వెనకడుగు వేస్తే వెనక జంటను ఢీకొట్టడమే. అందుకే అక్కడి అనుభవజ్ఞులు దాన్ని వదిలేసి, రెండో అడుగైన పక్కడుగుతో మొదలుపెడతారు.