చలికి కాదర్రా, తిండి లేక! శీతాకాల నిద్ర పాఠంలో అపోహలు, వాస్తవాలు

పలాస వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్న తరగతులకు పరిసరాల విజ్ఞానం చెబుతుంటాను. "కొన్ని జంతువులు చలికాలమంతా ఎందుకు నిద్రపోతాయి" అన్న పాఠానికి దొరికే చార్టులన్నిటి మీదా ఒకటే బొమ్మ. మంచుకొండ, గుహ, అందులో ముడుచుకుని పడుకున్న ఎలుగుబంటి. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ, మా వైపు పిల్లలకు ఆ బొమ్మను వివరం లేకుండా చూపించడం మంచిది కాదు.

అపోహ: చలికాలంలో ఎలుగుబంట్లన్నీ నిద్రపోతాయి

మా ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో పలాస చుట్టుపక్కల తీరప్రాంతం) పిల్లలకు ఎలుగు అంటే వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట జీడితోటల్లో తిరిగే జంతువు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు గాయపడ్డారు. అలాంటి చోట "చలికాలంలో ఎలుగు గుహలో పడుకుంటుంది" అని చెప్పి ఊరుకుంటే పిల్లలు ఏమనుకుంటారు? "అయితే ఇప్పుడు తోటలోకి ఎల్లిపోవచ్చా మేస్టారూ?" అంటారు. వాళ్ళ లెక్క సరైనదే, మనం చెప్పిందే తప్పు.

మన ప్రాంతపు ఎలుగు శీతాకాల నిద్రకు పోదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పళ్ళు. పై దవడలో నడిమి ముందుపళ్ళు రెండూ ఉండవు, ఆ సందులోంచి చెదల్ని బుస్సున పీల్చేస్తుంది. చెదపుట్టకు చలికాలం సెలవు లేదు కాబట్టి ఎలుగుకూ లేదు. పైగా మన దేశంలో ఆడ ఎలుగులు ఎక్కువగా ఈనేది నవంబరు, జనవరి మధ్యనే. పిల్లలున్న తల్లి దగ్గరికి పోతే ఏమవుతుందో ఉద్దానంలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు.

నెలల తరబడి తినకుండా, తాగకుండా గుహలో ఉండిపోయేవి ఉత్తర అమెరికా నల్ల ఎలుగుల్లాంటివి. వాటి ఒళ్ళు కూడా మరీ చల్లబడిపోదు, కొన్ని డిగ్రీలే తగ్గుతుంది. ఆ గుహలోనే ఈని, పిల్లలకు పాలిస్తాయి కూడా.

అపోహ: చలికి తట్టుకోలేక నిద్రపోతాయి

పాఠం మొత్తానికి మూలం ఇక్కడుంది, టీచర్లం కూడా ఎక్కువగా జారేది ఇక్కడే. చలే కారణమైతే మంచుప్రాంతపు తోడేళ్ళు, ధ్రువపు జింకలు ముందు పడుకోవాలి. అవి చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే వాటికి తిండి దొరుకుతుంది. తోడేలుకు వేట ఉంది. జింక మంచును గిట్టలతో తవ్వి కింద ఉన్న నాచులాంటి మేత తింటుంది. గింజలు, పురుగులు, పచ్చిక తిని బతికే చిన్న ప్రాణులకే ఎక్కువ చిక్కు. వెచ్చదనం కోసం ఒంట్లో శక్తి ఖర్చు చేయాలి, ఆ శక్తికి తిండి కావాలి, తిండేమో లేదు. అందుకని ముందే కొవ్వు పెంచుకుని, ఖర్చు తగ్గించుకుంటాయి.

ఇంకా నమ్మకం కలగకపోతే మడగాస్కర్ చూడండి. అక్కడ లావుపాటి తోకలో కొవ్వు దాచుకునే చిన్న లీమర్ ఒకటి ఉంది. వానలు లేని కాలంలో ఆరేడు నెలలు చెట్టుతొర్రలో ఇలాగే ఉండిపోతుంది. ఆ తొర్రలో పగటివేడి 30 డిగ్రీలు దాటే రోజులు కూడా ఉంటాయి.

అపోహ: అది రాత్రి మనం పడుకునే నిద్రలాంటిదే

కాదు. పిల్లలకు నేను చెప్పే మాట: పొయ్యి ఆర్పలేదు, సెగ సన్నం చేశారు. నేల ఉడుతల్లో నిమిషానికి 200 సార్లకు పైగా కొట్టుకునే గుండె 10 లోపుకు దిగుతుంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు నేల ఉడుత ఒళ్ళు సున్నా కంటే దాదాపు 3 డిగ్రీలు కిందికి కూడా పోతుంది. రెండు మూడు వారాలకోసారి అది కాసేపు ఒళ్ళు వేడెక్కించుకుని మళ్ళీ చల్లబడుతుంది. కూడబెట్టుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఆ మేలుకోవడానికే ఖర్చయిపోతుంది.

తరగతిలో దీన్ని చూపించాలంటే పిల్లల్ని మైదానంలో ఒక చుట్టు పరుగెత్తించి, గుండె మీద చెయ్యి పెట్టుకోమనండి. తర్వాత వరండాలో కదలకుండా పడుకోబెట్టి మళ్ళీ చూడమనండి. సెగ సన్నమవడమంటే ఏమిటో వాళ్ళ చేతికే తెలుస్తుంది. (మధ్యాహ్న భోజనం అయిన వెంటనే మాత్రం పరుగెత్తించకండి.)

అపోహ: మన దగ్గర మంచు పడదు, చూపించడానికేముంది?

బల్లులు, పాములు చలికాలంలో మందగిస్తాయి, నిజమే. కానీ శ్రీకాకుళం తీరపు చలి వాటిని నెలల తరబడి పడుకోబెట్టేంత చలి కాదు. మనకు తిండీ నీరూ కరువయ్యేది ఎండాకాలం. అందుకే మన పక్క ప్రాణులు కొన్ని ఎండాకాలంలో ఆ పని చేస్తాయి. చెరువు ఎండిపోతే నత్తలు బురదలోకి దిగి, మూత బిగించుకుని ఉండిపోతాయి. బోదురుకప్పలు మట్టిలో దాక్కుంటాయి, తొలి గట్టి వానకు బయటికొస్తాయి. అప్పుడు మగవి పసుపుపచ్చగా మెరుస్తుంటే "ఈ కప్పలు ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయి?" అని అడగండి, తరగతి గోలెత్తిపోతుంది.

మేలో ఎండిన చెరువుగట్టున మూసుకున్న నత్త దొరికితే తొట్టెలో నీళ్ళుపోసి వేయండి. ఓపిక పట్టాలి, మూత వెంటనే తెరుచుకోదు. చూశాక నత్తను నీళ్ళున్న చోట వదిలేయాలి, పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. కప్పల్ని మాత్రం తవ్వి తీయనివ్వకండి.

అపోహ: తేలినీలాపురం పక్షులు సైబీరియా చలికి పారిపోయి వస్తాయి

మా జిల్లాలోని ఈ పక్షుల ఊరి గురించి పేపర్లలో కూడా ఇలాగే వస్తుంది. తేలినీలాపురంలో గూళ్ళు కట్టేవి ముఖ్యంగా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. రెండూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే, సైబీరియాలో ఉండవు. ఇక్కడికి పిల్లల్ని పెట్టడానికొస్తాయి, చెరువుల్లో చేపలున్నాయి కనుక. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికొచ్చే నత్తగుల్ల కొంగలైతే చలికాలం దాకా కూడా ఆగవు, తొలకరికే దిగిపోతాయి. వాటి తిండి మన చెరువు నత్తలే, వానకు అవి మూత తెరుస్తాయి కదా!

అందుకే నేను ఈ పాఠాన్ని డిసెంబరు దాకా ఆపను, బడి తెరిచాక పడే మొదటి పెద్దవాన మర్నాడే మొదలుపెడతాను.