ఉమ్రా టీకా గొడవ: అసలు మలుపు 2000లోనే

ఉమ్రాకు, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేసే మక్కా యాత్రకు, వచ్చేవాళ్లంతా, ఏడాది దాటిన పిల్లలతో సహా, కనీసం పది రోజుల ముందే మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా వేసుకోవాలని సౌదీ పౌర విమానయాన సంస్థ 2025 జనవరిలో ఎయిర్‌లైన్స్‌కి సర్క్యులర్ పంపింది. ఫిబ్రవరి 10 నుంచి అమలన్నారు, తీరా 6న వెనక్కి తీసుకున్నారు. రంజాన్ ముందు టికెట్లు తీసుకున్నవాళ్లకి అప్పటికప్పుడు టీకా ఎక్కడ దొరుకుతుంది, డబ్బులెవరిస్తారు అని ట్రావెల్స్ వాళ్లు అడిగితే అందులో న్యాయం ఉంది. కానీ ఇదంతా కొత్తగా పెట్టిన తంటా అంటే మాత్రం ఒప్పుకోలేం.

1987 హజ్‌లో ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో 'ఏ' (A) అనే రకం విజృంభించడం, టీకా తప్పనిసరి చేయడం చాలామంది రాసిందే, వదిలేద్దాం.

2000 హజ్ సంగతి వేరు. ఆ ఏడాది చాలామంది టీకా వేసుకునే వెళ్లారు, అయితే ఎక్కువ దేశాలు వేసింది 'ఏ', 'సి' రకాలను అడ్డుకునే టీకా, అక్కడ తగులుకున్నదేమో డబ్ల్యూ135 అనే ఇంకో రకం. యాత్రికులు ఇళ్లకి చేరాక బ్రిటన్‌లో, ఫ్రాన్స్‌లో, ఇంకా చాలా దేశాల్లో కేసులు బయటపడ్డాయి. జబ్బుపడినవాళ్లలో మక్కా మొహం చూడనివాళ్లు కూడా ఉన్నారు, యాత్రికుల ఇంట్లోవాళ్లు, చుట్టాలు. 2001లో మళ్లీ అదే కథ. దాంతో 2002 హజ్ నుంచి 'ఏ', 'సి', 'వై', డబ్ల్యూ135 నాలుగు రకాలకీ పనిచేసే టీకా ఉంటేనే వీసా అన్నారు.

ఇంకో చిక్కు కూడా అప్పుడే తేలింది. సింగపూర్‌లో 2001లో తిరిగొచ్చిన యాత్రికుల గొంతులు పరీక్షిస్తే, ఆ నాలుగు రకాల టీకా వేసుకున్నవాళ్లలో కూడా చాలామందిలో ఈ బ్యాక్టీరియా దొరికింది. వాళ్లకి ఏమీ కాలేదు, కానీ పక్కనున్నవాళ్లకి అంటించగలరు. అప్పటి పాలీశాకరైడ్ టీకా (బ్యాక్టీరియా పై పొరలోని చక్కెర పదార్థంతో చేసింది) వేసుకున్న మనిషిని కాపాడుతుందే తప్ప గొంతులో చేరకుండా ఆపలేదు. తర్వాత వచ్చిన కాంజుగేట్ టీకాలు, అంటే ఆ చక్కెరకి ప్రొటీన్ జోడించి చేసినవి, ఈ విషయంలో నయం. ఏ టీకా అయినా ఒంట్లో రక్షణ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది, ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో సూది వేయించుకుంటే టీకా కార్డు వస్తుందేమో గానీ ఆ రక్షణ రాదు.

ప్రభుత్వ హజ్ కమిటీ తరఫున వెళ్లేవాళ్లకి మన దేశంలో ప్రభుత్వ క్యాంపుల్లోనే ఈ టీకా వేస్తారు, కాబట్టి గొడవ ఉండదు. ఉమ్రాకి ఎవరి ఏర్పాట్లు వాళ్లవే, అడిగేవాళ్లూ తక్కువ. ఫలితం 2024లో కనిపించింది: ఏప్రిల్, మే నెలల్లో అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో కలిపి ఉమ్రాతో ముడిపడిన 12 కేసులు వచ్చాయి, పది మంది యాత్రికులు, ఇద్దరు వాళ్లకి దగ్గరగా మెలిగినవాళ్లు. వీళ్లలో తొమ్మిది మంది టీకా వేసుకోలేదని తేలింది.

సర్క్యులర్ పోయినా హజ్ నిబంధన అలాగే ఉంది. కాంజుగేట్ టీకా కార్డు ఐదేళ్లు, పాలీశాకరైడ్‌ది మూడేళ్లు చెల్లుతుంది. ఈ రెంటిలో ఏ టీకానో కార్డు మీద రాయించుకోకపోతే మూడేళ్లకే లెక్కేస్తారు.