'రిప్రజెంట్' వాడకం: ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ల అపోహలు, వాస్తవాలు

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కి ప్రిపేరయ్యేవాళ్ల రైటింగ్ దిద్దడం నా పని. అందులో 'రిప్రజెంట్' అనే క్రియ పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

అపోహ: 'షోస్' చిన్నపిల్లల మాట, 'రిప్రజెంట్స్' అని రాస్తే బ్యాండ్ (ఈ పరీక్షలో వచ్చే స్కోరు) పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. పదసంపదకు మార్కులున్న మాట నిజమే కానీ, ఆ పదం అక్కడ అతికిందా లేదా అన్నదీ చూస్తారు. చార్టో, గ్రాఫో ఇచ్చి వివరించమనే టాస్క్ వన్ ప్రశ్నే చాలాసార్లు 'ద చార్ట్ బిలో షోస్' అని మొదలవుతుంది. చార్ట్ మొత్తం గురించి చెప్పేటప్పుడు 'షోస్', 'కంపేర్స్', 'గివ్స్ ఇన్ఫర్మేషన్ అబౌట్' హాయిగా సరిపోతాయి. అందులో నీలం గీత ఆడపిల్లలకు, ఎర్ర గీత మగపిల్లలకు గుర్తు అనుకోండి. 'రిప్రజెంట్స్' అసలు చోటు అదీ: 'ద బ్లూ లైన్ రిప్రజెంట్స్ గర్ల్స్'. మ్యాపులో నీలిరంగు నీళ్లకు గుర్తయినట్టు, ఒకటి ఇంకోదానికి బదులుగా నిలబడాలి.

అపోహ: గీత చూపిస్తోంది కాబట్టి 'ఈజ్ రిప్రజెంటింగ్' అనాలి.

వాస్తవం: ఇది మన 'చూపిస్తోంది' తెచ్చిన తంటా. గుర్తుగా ఉండటం జరుగుతున్న పని కాదు, 'రిప్రజెంట్స్' చాలు. పి.వి. సింధు ఒలింపిక్స్‌లో ఆడుతుంటే మాత్రం 'షి ఈజ్ రిప్రజెంటింగ్ ఇండియా' అని నిక్షేపంగా అనొచ్చు. దేశం తరఫున ఆడటం పనే కదా! అయితే 'టు ఇండియా', 'ఫర్ ఇండియా' అని తగిలించకండి. 'దేశానికి ప్రాతినిధ్యం' అనడంలో ఉన్న ఆ 'కి' ఇంగ్లిష్‌లోకి రాదు. క్లయింటు తరఫున వాదించే లాయరుకైనా, నియోజకవర్గం తరఫున గెలిచిన ఎమ్మెల్యేకైనా ఇదే రూలు.

అపోహ: అంకెలకు ఈ మాట పనికిరాదు.

వాస్తవం: భేషుగ్గా పనికొస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పట్టణవాసులు సుమారు 31 శాతం. దాన్ని 'అర్బన్ రెసిడెంట్స్ రిప్రజెంటెడ్ అబౌట్ 31 పర్సెంట్ ఆఫ్ ఇండియాస్ పాపులేషన్' అని రాయొచ్చు. కనీసం 150 పదాలు రాయాల్సిన టాస్క్‌లో ఇలా ఒకసారి వస్తే ముచ్చటగా ఉంటుంది, నాలుగుసార్లు వస్తే మొహం మొత్తుతుంది.

అపోహ: 'కలెక్టర్‌గారికి రిప్రజెంటేషన్ ఇచ్చాం' అనడం తప్పు ఇంగ్లిష్.

వాస్తవం: తప్పేం కాదు. పైవాళ్లకు విన్నవించుకోవడం ఈ క్రియకున్న పాత అర్థమే, మన ఆఫీసుల్లో ఇంకా బతికే ఉంది. కాకపోతే ఐఈఎల్‌టీఎస్‌లో చార్టుకు బదులు ఉత్తరం రాయించే రకమైన జనరల్ ట్రైనింగ్ పరీక్షవాళ్లు ఆ ఉత్తరంలో 'ఐ రిప్రజెంటెడ్ మై ప్రాబ్లం టు ద మేనేజర్' అని రాస్తే చదివేవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. 'ఎక్స్‌ప్లెయిన్డ్' అని రాసేయండి.