ఫైలుకు తేదీ ఎవరు వేయాలి?

పొలం తగాదాలు కోర్టుకెక్కినప్పుడు పాత తేదీ స్టాంపు పేపర్ల గొడవ తరచూ బయటపడుతుంది. నిన్న రాసుకున్న ఒప్పందానికి ఐదేళ్ల కిందటి తేదీ వేసి ఉంటుంది. కాగితం మీద ఆ పని చేయాలంటే పాత పేపరైనా సంపాదించాలి. కంప్యూటర్లో అంత శ్రమ కూడా లేదు. లినక్స్‌లో ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌ తెర మీద ‘టచ్’ అనే కమాండ్‌కు కావలసిన తేదీ ఇస్తే చాలు, ఇవాళ టైపు చేసిన ఫైలు 2012లో చివరిసారి మార్చినట్టు కనిపిస్తుంది. కోడ్‌లో చేసిన మార్పులను నమోదు చేసే సాధనం గిట్. ప్రోగ్రామర్లు ఎంతో నమ్మే దాని చరిత్రలోని తేదీలు కూడా రాసినవాడి కంప్యూటర్ చెప్పినవే. రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (కమాండ్లు చదివే సెట్టింగులు) మారిస్తే అవి ఏ సంవత్సరానికైనా జరుగుతాయి.

కాబట్టి ఫైలు పక్కన కనిపించే తేదీ దాని యజమాని చెప్పుకున్న మాట మాత్రమే. ప్రయోగ ఫలితాలు ముందు తనకే వచ్చాయని చెప్పాల్సిన పరిశోధక విద్యార్థికి, కథ తనదేనని చూపాల్సిన రచయితకు, చెరువు కబ్జాను ఫొటో తీసిన ఊరివాడికి ఆ మాట ఒక్కటే చాలదు. తేదీ వేసే చేతికి ఆ తగాదాలో ఏ లాభమూ ఉండకూడదు.

మూడో మనిషికి ఫైలు ఇచ్చి తేదీ వేయించుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అప్పుడు రహస్యం అతని చేతికి వెళ్తుంది. పైగా అందరి ఫైళ్లూ అతను దాచాలి. స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో పనిచేస్తూ 1991లో ప్రచురించిన పత్రంలో దీనికి చక్కటి దారి చూపారు. ఫైలు ఇవ్వనక్కర్లేదు, దాని హ్యాష్, అంటే ఫైలు నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్య, ఇస్తే చాలు. ఈరోజు వాడే షా-256 పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 32 బైట్ల సంఖ్యగా కుదిస్తుంది. ఫైల్లో ఒక్క కామా మారినా ఆ సంఖ్య పోలిక లేకుండా మారిపోతుంది. సంఖ్యను చూసి ఫైలును వెనక్కి రాబట్టలేం, అదే సంఖ్య వచ్చే ఇంకో ఫైలును తయారు చేయడం ఇప్పటివరకు ఎవరికీ సాధ్యం కాలేదు. తేదీ వేసేవాడు తాను దేనికి వేస్తున్నాడో తెలియకుండానే వేస్తాడు. నాకు ఈ ఏర్పాటు మొత్తంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఈ పని ఇంటర్నెట్లో ఎలా జరగాలో ఆర్ఎఫ్‌సీ 3161 అనే ప్రమాణం 2001 ఆగస్టులో నిర్దేశించింది. తేదీ వేసే సర్వర్ పేరు టైమ్‌స్టాంపింగ్ అథారిటీ. దాన్ని అడగడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. లినక్స్ మెషీన్లలో సాధారణంగా ఉండే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాధనంలోనే ‘టీఎస్’ అనే ఉపకమాండ్ ఉంది. దానికి ‘క్వెరీ’ అని చెప్పి, ఫైలు పేరు, హ్యాష్ పద్ధతి ఇస్తే వంద బైట్ల లోపు ఉండే చిన్న విన్నపం తయారవుతుంది. అందులో ఫైలు హ్యాష్‌తో పాటు నాన్స్ అనే 64 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఉంటుంది. సర్వర్ దాన్ని జవాబులో తిరిగి చెప్పాలి. ఆ సంఖ్య కలిస్తే వచ్చిన జవాబు మన విన్నపానికే అని, ఎవరో పాత జవాబును మధ్యలో దూర్చలేదని తెలుస్తుంది. ఇక్కడే ‘సెర్ట్’ అనే ఆప్షన్ కూడా ఇవ్వాలి. అది లేకపోతే సర్వర్ తన సంతకాన్ని సరిచూడటానికి కావలసిన సర్టిఫికెట్‌ను జవాబులో జతచేయదు, పదేళ్ల తర్వాత దాని కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ విన్నపం రాస్తుంది గానీ పంపదు. పంపేందుకు సర్వర్లకు సమాచారం చేరవేసే కర్ల్ అనే కమాండ్ వాడుకోవచ్చు. ఫ్రీటీఎస్ఏ అనే అథారిటీ ఈ సేవను ఉచితంగా ఇస్తోంది, డిజిసర్ట్ లాంటి పెద్ద సంస్థల సర్వర్లూ ఉన్నాయి. కర్ల్‌కు పంపే సమాచారం ‘టైమ్‌స్టాంప్ క్వెరీ’ రకం అని హెడర్‌లో చెప్పాలి. ఫైలును ‘డేటా’ ఆప్షన్‌తో కాక ‘డేటా-బైనరీ’తో ఇవ్వాలి. మొదటిది ఫైల్లో కొత్త వరుసను సూచించే బైట్లను తీసేస్తుంది. మన విన్నపం అక్షరాల ఫైలు కాదు, అందులో అలాంటి బైటు ఒక్కటి ఉన్నా పాడైపోతుంది. ‘డేటా’తో పంపినప్పుడు కమాండ్ కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు చేయకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

క్షణంలో కొన్ని కిలోబైట్ల జవాబు వస్తుంది. ‘టీఎస్’కు ‘రిప్లై’, ‘టెక్స్ట్’ అని ఇచ్చి దాన్ని తెరిచి చదవండి. మొదట ‘గ్రాంటెడ్’ అన్న స్థితి, ఆ తర్వాత మనం పంపిన హ్యాష్, ఆ స్టాంపు వరుస సంఖ్య, సమయం, మన నాన్స్. వీటి మీద సర్వర్ డిజిటల్ సంతకం. ఆ సంతకం చేసే తాళంచెవి (సర్వర్ దగ్గరే ఉండే రహస్య సంఖ్య) టైమ్‌స్టాంపులకే కేటాయించినదై ఉండాలని, దాన్ని మరే పనికీ వాడకూడదని ప్రమాణం గట్టిగా చెబుతుంది. ఇక సమయం గ్రీనిచ్ లెక్కలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన సమయం. ఏప్రిల్ 1 తెల్లవారుజామున మూడింటికి హైదరాబాద్‌లో వేయించిన స్టాంపు మీద మార్చి 31 అని కనిపిస్తుంది. గడువు తేదీల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

తనిఖీకి ‘వెరిఫై’ ఉంది. అసలు ఫైలు, స్టాంపు ఫైలు, అథారిటీ మూల సర్టిఫికెట్ ఇస్తే ‘ఓకే’ అనో ‘ఫెయిల్డ్’ అనో తేల్చి చెబుతుంది. ఇందుకు ఇంటర్నెట్ అక్కర్లేదు, అథారిటీ మూతపడినా పర్వాలేదు. అసలు ఫైలు మాత్రం బైటు తేడా లేకుండా ఉండాలి. ఫొటోకు స్టాంపు వేయించి, దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది, అవతలివాళ్ల దగ్గర తనిఖీ విఫలమవుతుంది. అందుకే డాక్యుమెంట్‌గా పంపాలి.

ఈ స్టాంపు రుజువు చేసేది ఒక్క సంగతే: ఈ ఫైలు ఆ సమయానికే ఉంది. ఎవరు రాశారో చెప్పదు. అందులో రాసింది నిజమో కాదో చెప్పదు. మోసానికీ సందు ఉంది. ఎన్నికల ఫలితం గురించి పది రకాల జోస్యాలు పది ఫైళ్లలో రాసి, అన్నిటికీ స్టాంపు వేయించి, చివరికి నిజమైన ఒక్కదాన్నే బయటపెట్టేవాడిని ఈ పద్ధతి పట్టుకోలేదు. అలాగే ‘అవును’, ‘కాదు’ లాంటి చిన్న జవాబు దాస్తే, రెండిటి హ్యాష్‌లూ లెక్కగట్టి ఎవరైనా కనిపెట్టేస్తారు. దాచేదానికి పొడవాటి యాదృచ్ఛిక అక్షరాల వరుసను కలిపితే ఆ ప్రమాదం ఉండదు.

అథారిటీయే అబద్ధం ఆడితే? దాని తాళంచెవి దొంగ చేతిలో పడితే? అప్పుడు ఏ తేదీకైనా స్టాంపు పుడుతుంది. ఆర్ఎఫ్‌సీ 3161 విధానంలో నిజమైన బలహీనత ఇదేనని నా అభిప్రాయం. హేబర్, స్టోర్నెట్టా 1991లోనే దీన్ని ఊహించారు. ప్రతి స్టాంపులోనూ దాని ముందు స్టాంపు హ్యాష్ కలిపితే గొలుసు ఏర్పడుతుంది, మధ్యలో కొత్త కడియం ఇరికిస్తే తర్వాతవన్నీ తెగిపోతాయి. వాళ్లు స్థాపించిన ష్యూరిటీ అనే కంపెనీ 1995 నుంచి గొలుసు సారాంశాన్ని వారంవారం న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చు వేయించింది. లక్షల ఇళ్లకూ గ్రంథాలయాలకూ చేరిన కాగితాన్ని ఎవరు వెనక్కి తెచ్చి దిద్దగలరు? ఇలాంటి గొలుసు మీదే నడిచే డిజిటల్ డబ్బు బిట్‌కాయిన్‌ను ప్రతిపాదించిన 2008 నాటి పత్రం ఎనిమిది రచనలను ఉదహరిస్తే, వాటిలో మూడు ఈ ఇద్దరివే.

ఆ బిట్‌కాయిన్ గొలుసునే ఇప్పుడు తేదీల కోసం వాడుకునే ఉచిత సాధనం ఓపెన్‌టైమ్‌స్టాంప్స్. పీటర్ టాడ్ మొదలుపెట్టాడు. దీనికీ కమాండ్ లైన్ క్లయింట్ ఉంది, పేరు ‘ఓటీఎస్’. ‘స్టాంప్’ అంటే వెంటనే చిన్న రుజువు ఫైలు ఇస్తుంది గానీ అది అప్పటికి అసంపూర్ణం. సర్వర్లు ఎందరివో హ్యాష్‌లను చెట్టులా కలిపి, ఆ చెట్టు మొదట్లో మిగిలే హ్యాష్ ఒక్కదాన్నే ఒక బిట్‌కాయిన్ లావాదేవీలో రాస్తాయి. కొన్ని గంటలాగి ‘అప్‌గ్రేడ్’ ఇస్తే రుజువు పూర్తవుతుంది. ఇందులో ఏ ఒక్క సంస్థనూ నమ్మక్కర్లేదు. కాకపోతే సమయం సెకన్ల దాకా కచ్చితంగా ఉండదు, గంట రెండు గంటల తేడా ఉండొచ్చు. నేనైతే ముఖ్యమైన ఫైలుకు రెండు రకాలూ వేయించమంటాను.

మన దేశంలో లైసెన్సు పొందిన సర్టిఫైయింగ్ అథారిటీలు (డిజిటల్ సంతకాలకు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు) టైమ్‌స్టాంపు సేవ ఇస్తాయి. వాటి గడియారాలు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సమయాన్ని అనుసరించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో దాని హ్యాష్ రాయాలి. ఆ హ్యాష్‌కు మూడో పక్షం తేదీ తోడైతే, ఫైలును తర్వాత మార్చారన్న వాదన నిలబడటం కష్టం.

స్టాంపు కూడా పాతబడుతుంది. సర్టిఫికెట్ గడువు తీరుతుంది, హ్యాష్ పద్ధతులు బలహీనపడతాయి. ఒకప్పుడు అందరూ వాడిన షా-1 పద్ధతిలో ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను గూగుల్, నెదర్లాండ్స్ సీడబ్ల్యూఐ పరిశోధకులు 2017లో చేసి చూపించారు. అందుకని అసలు ఫైలు, స్టాంపు, మూల సర్టిఫికెట్ మూడూ ఒకే ఫోల్డర్‌లో దాచి, పాత పద్ధతి విరగక ముందే ఆ మూడిటినీ కలిపి కట్టిన ఫైలుకు కొత్త పద్ధతిలో మళ్లీ స్టాంపు వేయించాలి.