తొలకరికి ముందే చేలో చేరే నత్రజని

చేవెళ్ల, షాద్‌నగర్, వికారాబాద్ వైపు మెట్ట చేలల్లో యూరియా గింజ పడకముందే నత్రజని పోగవుతుంది, అదీ చేను ఖాళీగా ఉన్నప్పుడు. మే ఎండలకు నేలలోని సూక్ష్మజీవులు చాలా చస్తాయి. ఒక వాన పడగానే మిగిలినవి ఆ చచ్చినవాటినీ, నిరుటి ఆకు అలమునూ తిని అమ్మోనియం రూపంలో నత్రజనిని వదులుతాయి. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. ఒకటి రెండు వారాల పని ఇది. మళ్లీ ఎండ కాస్తే తడి పైకి ఎగబాకి ఆవిరవుతుంది, నైట్రేట్ పైపొరలోనే మిగులుతుంది. పాత గోడల మీద సురేకారం తేలేదీ ఇలాగే.

ఎంత ఉంటుంది? ఎకరం నేల పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. కిలో మట్టిలో 10 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని ఉంటే ఎకరానికి 9 కిలోలు, అంటే 20 కిలోల యూరియా. 45 కిలోల బస్తాలో సగానికి కాస్త తక్కువ.

చిక్కల్లా ఇది నిలవకపోవడమే. బంకమట్టి రేణువులకూ నైట్రేట్‌కూ రుణావేశమే కాబట్టి మట్టి దాన్ని పట్టుకోదు, నీరెటు పోతే అటు పోతుంది. ఎర్ర చెల్కలో జూన్‌లో ఒక గట్టి వాన పడితే లేత మొక్క వేరుకు అందనంత లోతుకు దిగిపోతుంది. నల్లరేగడిలో దిగడం నెమ్మదే కానీ, నీరు నిలిస్తే గాలి అందని బాక్టీరియా దాన్ని వాయువుగా మార్చి ఎగరగొడతాయి.

మామూలు భూసార పరీక్ష దీన్ని పట్టుకోదు. అందులో చూసేది సేంద్రియ కర్బనం, లేదా క్షార పర్మాంగనేట్ అనే రసాయనంతో విడుదలయ్యే నత్రజని. నైట్రేట్ కావాలంటే ఆ మాట చెప్పి అడగాలి. చేలో 10–15 చోట్ల ఆగరుతో (మట్టి తీసే బర్మాతో) 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల మట్టిని విడివిడిగా తీయాలి. తడి మట్టిని సంచిలో కట్టి రెండు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు పని ఆపవు, అంకె పెరిగి వస్తుంది. అదే రోజు నీడలో పల్చగా ఆరబెట్టండి, లేదా ఐస్‌లో పెట్టి పంపండి. ఫలితం ‘నైట్రేట్’గా ఇచ్చారా, ‘నైట్రేట్ నత్రజని’గానా చూసుకోండి. మొదటిదైతే 4.43తో భాగించాలి. ఈ తేడా గమనించకపోతే లెక్క నాలుగింతలు తప్పుతుంది.

పదును దొరికిన వెంటనే విత్తడమే దీన్ని దక్కించుకునే తేలిక దారి. వారం ఆలస్యమైతే ఆ నైట్రేట్‌ను గరకో తుంగో తింటుంది. కొలతలో బాగానే ఉందని తేలితే జొన్న, మక్కకు విత్తేటప్పటి యూరియా తగ్గించి, మిగతాది పైపాటుగా, నేల తడిగా ఉన్నప్పుడు వేయాలి. మొత్తం ఒకేసారి వేయడం మాత్రం ఎర్ర చెల్కలో డబ్బు నేలలో పోయడమే. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి, జారిపోయినదాంట్లో కొంత అది అందుకుంటుంది. అందుకే జొన్నలో కంది సాళ్లు వేయడం మంచిదంటాం. పునాసకు పడావు ఉంచిన రేగడిలో యాసంగి శనగ వేస్తే, నైట్రేట్ ఎక్కువున్న చోట వేరు బుడిపెలు తక్కువ కడతాయి. అక్కడ జొన్నకే లాభం.

లోతుకు పోయినది చివరికి బోరు నీళ్లలో తేలుతుంది. తాగే నీళ్లలో ‘నైట్రేట్’ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. కాచినా అది పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పాలడబ్బా పిల్లలకు ఆ నీళ్లు అసలు వాడొద్దు.